నలభై రెండో మనిషి

కార్టూన్‌లో మనుషులను లెక్కపెట్టేవాణ్ణి ఇస్సాకు అంతవరకూ చూడలేదు. కార్టూన్ చూస్తే నవ్వేవాళ్లు నవ్వుతారు, మండేవాళ్లు మండిపడతారు. అజయ్ కుమార్ మాత్రం సమాధుల తోట గేటు లోపల బైకు ఆపి, సీటు మీద పత్రిక పరిచి, ఒక్కో తల మీద బాల్ పెన్నుతో చుక్క పెట్టుకుంటూ పోయాడు. చుక్కలన్నీ అయ్యాక పెన్ను మూత పెట్టి తలెత్తాడు.

“నలభై ఒక్కరే ఉండారు మామా. ఇంకొకరిని యాడ పెట్టినావ్?”

ఇస్సాకు చేతిలో బ్రష్షు ఆగింది. అప్పుడాయన యోహాను మాస్టారి సమాధి మీద పేరు దిద్దుతున్నాడు. నల్ల ఎనామిల్ చుక్క ఒకటి జారి తెల్లటి సున్నం మీద పడింది. ముప్పై ఐదేళ్ల పనిలో ఆయన చుక్క జారనిచ్చింది లేదు. వేలికి గుడ్డ చుట్టి తుడిచాడు. మరక ఇంకా పెద్దదైంది.

నంద్యాలలో ఒకప్పుడు బియ్యం మిల్లుల బోర్డులన్నీ ఇస్సాకు రాసినవే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మింగేశాక ఆయనకు మిగిలింది సమాధుల తోట. ఈస్టరుకు ముందు చర్చి సంఘంలో ప్రతి కుటుంబమూ తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టించి, పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ కొత్తగా దిద్దిస్తుంది. అందుకే వార్డులో ఎవరు ఎప్పుడు పోయారో పాస్టరు కన్నా ఇస్సాకుకు బాగా తెలుసు. రెండు వారాల కిందట మున్సిపల్ ఎన్నికల ఓటర్ల జాబితా వార్డు సచివాలయం గోడకు అంటిస్తే, తన పేరు చూసుకుందామని వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. తన చేత్తో పోయిన తేదీ రాసిన పేర్లు వరసగా ఓటర్లయి కూర్చున్నాయి. రెండు రోజులు అక్కడికి నడిచి, చిన్న నోటుబుక్కులో అన్నీ ఎక్కించుకున్నాడు. మూడో రోజు బొమ్మ గీశాడు.

బొమ్మలో సమాధుల తోట గేటే పోలింగు బూతు. శిలువల మధ్య నుంచి పొడుగాటి వరస, తెల్లబట్టల్లో, చేతుల్లో చీటీలతో. ప్రతి ఎడమచేతి వేలికీ సిరా. గేటు దగ్గర టౌను పార్టీ పెద్ద మద్దిలేటి చేతులు జోడించి, “నిదానంగా రాండప్పా, మీకేం తొందర లేదు గదా” అంటున్నాడు. మద్దిలేటికి ముఖం గీయలేదు. ఆ బొజ్జా, రెండు ఫోన్లు దూర్చుకున్న చొక్కా జేబూ ఉంటే చాలు, నంద్యాలలో బడిపిల్లలు కూడా గుర్తుపడతారు. నంద్యాల ప్రెస్సుల్లో ఎవరూ వేయడానికి ధైర్యం చేయలేదు. ఆళ్లగడ్డ నుంచి వచ్చే ‘నల్లమల గొంతు’ అనే వారపత్రిక మొదటి పేజీలోనే వేసింది. ఇస్సాకు ఆరేళ్లుగా దాని కార్టూనిస్టు. కింద సంతకం పెట్టడు, ఒక చిన్న బ్రష్షు గీస్తాడు. ఆ బ్రష్షు ఎవరిదో తెలియనివాళ్లు టౌనులో లేరు.

బోర్డులు రాసిన చెయ్యి గనక లెక్క తప్పడం ఆయనకు గిట్టదు. నోటుబుక్కులో ఎందరున్నారో అందరినీ గీశాడు, ఒక్కరిని తప్ప.

అజయ్ అదే సంఘంవాడు. కమిటీ సెక్రటరీ. మద్దిలేటి వెంట తిరగడం మొదలుపెట్టాక ఇంటి మీద అంతస్తు లేచింది. వాడు గొంతు పెంచకుండానే చెప్పాడు. ఎవరో ఆ కార్టూన్‌ను జతచేసి పైకి ఫిర్యాదు పంపారట. శనివారం డిప్యూటీ తహసీల్దారు ఇక్కడికే వస్తోందట. ఇస్సాకు ఒక్క కాగితం రాసిస్తే చాలట, ఊహించి గీశానని.

“రాయకుంటే?” అన్నాడు ఇస్సాకు.

“ఆ బూతుకు బీఎల్వో ఎవరు మామా? మన ప్రసన్నే గదా. చచ్చినోళ్ల పేర్లు తీసెయ్యాల్సింది ఆయమ్మే. పైవాళ్లు మొదట ఎవరి మెడ పట్టుకుంటారో నువ్వే ఆలోచించు.”

బైకు స్టార్టు చేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. మా నాయనమ్మ సమాధికి ఈసారి బంగారు రంగు వెయ్యి, పోయినేడుది వెలిసిపోయింది అన్నాడు. వాళ్ల నాయనమ్మ హన్నమ్మ. బొమ్మలో పదిహేడో మనిషి, చేతికర్రతో ఉంటుంది. వాడు ఆ తల మీద కూడా చుక్క పెట్టాడు.

బైకు వెళ్లిపోయాక ఇస్సాకు యోహాను మాస్టారి పక్కనే కూలబడ్డాడు. గీసేటప్పుడు ధ్యాసంతా మద్దిలేటి బొజ్జ మీదే. జేబులో రెండు ఫోన్లు ఎట్లా వంకరగా నిలబడాలో గంటసేపు ఆలోచించాడు. సొంత కూతురు ప్రసన్న పనిచేసేది ఆ వార్డు సచివాలయంలోనే, ఆ ఓటర్ల జాబితా బాధ్యత ఆమె నెత్తి మీదే. నింద ముందు ఆమె మీదికే పోతుందని తట్టనేలేదు. ఎంత తెలివితక్కువ మనిషి! ఊరినంతా చూసే కన్ను ఇంట్లో గుడ్డిదైపోయింది.

సాయంత్రం ప్రసన్న వచ్చేసరికి ఆయన బ్రష్షులు కిరోసిన్‌లో కడుగుతున్నాడు. ఆమె చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, ఆయన ఏమీ అడగకముందే బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చి మంచం మీద పెట్టింది. అజయ్ ఆఫీసుకు కూడా వచ్చి వెళ్లాడని అప్పుడర్థమైంది.

ఫైలు నిండా రసీదులు. పేరు తొలగించమని పంపే ఫారం నంబరు ఏడు, ఒక్కో చనిపోయిన మనిషికి ఒక్కోటి, ఇంటివాళ్ల సంతకంతో, మరణ ధ్రువపత్రం నకలుతో జనవరిలోనే పైకి పంపించింది. పైన ఎవరో వాటిని పక్కన పడేశారు. అడిగితే పనిలో ఉంది అన్నారు. మళ్లీ అడిగితే, నీ పని నువ్వు చేసినావు గదమ్మా అన్నారు. ఇస్సాకు వేలు తడుపుకుంటూ రసీదులు ఒక్కొక్కటే తిప్పాడు. చివరిది తిప్పి కాసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. నలభై ఒకటి.

తాను బొమ్మలో వదిలేసిన మనిషినే కూతురు ఫైలులో వదిలేసింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

“మూడుసార్లు తెచ్చినా నీ దగ్గరికి,” అంది ప్రసన్న. “ఒకసారి చెయ్యి తడిగుండాది అంటివి. ఒకసారి అద్దాలు కనపడల్యా అంటివి. మూడోసారి నేనే అడగల్యా.”

ఇస్సాకు రసీదుల అంచులు సరిచేశాడు. భార్య సారమ్మ పోయి ఐదేళ్లు. కూతురు సంతకం పెట్టినా చెల్లుతుంది, తనను అడగాల్సిన పనే లేదు. అయినా పెట్టలేదంటే తన కోసమే. ఇవాళ ఈ రసీదులు బయటపెడితే నలభై ఒక్కటికి ఆమె తప్పులేదని తేలుతుంది. ఆ మిగిలిన ఒక్కటి ఎవరిదని అడిగితే మాత్రం, కన్నతల్లిది. అజయ్‌కు కావలసింది అదే. ఆ ఒక్క పేరు పట్టుకుని మిగతా అన్నిటినీ నీరుగార్చేస్తాడు.

కాగితం రాసిచ్చేస్తానన్నాడు ఇస్సాకు. ఈ వయసులో నాకు పోయేదేముంది, నీ ఉద్యోగం ఉండనీ అన్నాడు.

ప్రసన్న అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది.

“రాసియ్యాలనుంటే రాసియ్యి నాయనా. భయమైతే భయమని చెప్పి రాసియ్యి. నా ఉద్యోగం పేరు చెప్పి మాత్రం రాయొద్దు. రేపు అందరూ నన్ను చూసి, ఈయమ్మ కోసమే వాళ్ల నాయన మాట మింగినాడు అంటారు. ఆ మాట నేను మోయలేను.”

ఇద్దరూ తిన్నారు. చారులో ఉప్పు లేదు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున్నే ఇస్సాకు ఆళ్లగడ్డ బస్సెక్కాడు. జేబులో మడిచిన కాగితం ఉంది. తెల్లవారకముందే లేచి, సైన్‌బోర్డు అక్షరాలంత గుండ్రంగా రాశాడు. ‘సదరు బొమ్మ నా ఊహ మాత్రమే. అందులోని వ్యక్తులు ఎవరికీ సంబంధించినవారు కారు.’ రెండే వాక్యాలు. సంబంధించినవారు కారు అన్నచోట పెన్ను రెండుసార్లు ఆగింది. పక్కసీట్లో అహోబిలం వెళ్లే యాత్రికులెవరో కొబ్బరికాయల సంచి ఆయన కాళ్ల మీదికి తోశారు. దారి పొడుగునా అది మోకాలికి కొట్టుకుంటూనే ఉంది.

‘నల్లమల గొంతు’ ఆఫీసంటే ఒక జిరాక్సు షాపు వెనక గది. ఎడిటరు రాజశేఖరే రాస్తాడు, దిద్దుతాడు, కట్టలు కట్టి బస్సుల్లో వేస్తాడు. ముందు రోజు ఎవరో షాపు అద్దం మీదికి రాయి విసిరారు. పగిలినచోట పాత క్యాలెండరు అంటించాడు. ఇస్సాకు కాగితం సంగతి చెబితే అతనికి కోపం రాలేదు. అదే ఇస్సాకుకు కష్టంగా ఉంది. వచ్చే సంచికలో వేయమంటే వేస్తానన్నాడు, నాకూ పిల్లలున్నారు అన్నా అన్నాడు. ముందు రేపటి ఎంక్వైరీలో ఇచ్చి, తర్వాత నాకు నకలు పంపు అన్నాడు. ఒక్క మాట మాత్రం అడిగాడు, ఆ వరసలో వాళ్లందరినీ నువ్వు ఎరుగుదువా అని. ఎరుగుదునన్నాడు ఇస్సాకు. రాజశేఖర్ టీ తెప్పించాడు.

అక్కడి నుంచి రెండు సందుల అవతల శిల్పుల షెడ్లు. గ్రైండర్ల మోత, తెల్లటి దుమ్ము, గోనెపట్టాల మీద సగం తేలిన దేవుళ్లు. సమాధులకు రాతి పలకలు కావాలంటే నంద్యాలవాళ్లు ఇక్కడికే వస్తారు. ఓబయ్య షెడ్డులో నరసింహస్వామి పక్కన ఒక నిలువెత్తు పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. మద్దిలేటి వాళ్ల నాయన విగ్రహమట. ఎన్నికలు కాగానే సెంటరులో పెడతారట. బొజ్జ తగ్గించమని మూడుసార్లు ఫోను చేశారని ఓబయ్య విసుక్కున్నాడు. రాతిలో ఒకసారి ఉన్న బొజ్జను తగ్గిస్తూ పోతే నడుము విరుగుతుంది, ఆయప్పకేం తెలుసు అన్నాడు. ఇంకోరోజయితే ఇస్సాకు పడీపడీ నవ్వేవాడు.

ఓబయ్య ఉలి పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూశాడు.

“మీ సారమ్మ రాతికి కింద జాగా నున్నగా చేసి ఇడిసిపెట్టినా గదప్పా. ఐదేండ్లాయె. తేదీ నేనే పెయింటుతో రాసుకుంటా అంటివి. రాసినావా?”

“లేదు.”

“అయితే మంచిదే. పెయింటు ఏముంది, ఇయ్యాల రాస్తాం, రేపు తుడుస్తాం. నేను కొడతాలే. తేదీ చెప్పు.”

నలభై ఒక్క మంది పోయిన తేదీ తడుముకోకుండా రాసిన మనిషి ఇస్సాకు. వాళ్ల కొడుకులు మర్చిపోయిన తేదీలు కూడా తానే గుర్తుచేసి రాశాడు. సొంత పెండ్లాం రాయి దగ్గరికొచ్చేసరికి ఏటేటా సున్నం కొట్టి, పేరు మీది దుమ్ము తుడిచి, పక్క సమాధికి జరిగిపోయాడు. తోటలో పోయిన తేదీ లేని రాయి అదొక్కటే. ఇప్పుడా ఖాళీ జాగా మీద అజయ్ కాలు పెట్టి నిలబడ్డాడు.

“రేపు పొద్దున్నే వస్తావా నంద్యాలకు?” అన్నాడు. “ఎనిమిదికంతా మొదలుపెట్టాల.”

వస్తానన్నాడు ఓబయ్య. అంకెలు కాగితం మీద రాసిమ్మన్నాడు, నోటిమాట మీద రాయి కొట్టను, తప్పు పడితే దిద్దుకోలేను అన్నాడు. ఇస్సాకు జేబులు తడుముకున్నాడు. ఉన్న కాగితం ఒక్కటే. దాన్ని వెనక్కు తిప్పి, నరసింహస్వామి పీఠం మీద పెట్టి, ఒక్కో అంకె విడివిడిగా రాశాడు. 18-5-2021. ఓబయ్య ముందువైపు ఏముందో చూడలేదు. నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు.

శనివారం పదింటికి డిప్యూటీ తహసీల్దారు గాయత్రి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని, గుమాస్తా చేత జాబితా పట్టించుకుని వచ్చింది. ప్రసన్న ఫైలు గుండెకు ఆనించుకుని గేటు పక్కన నిలబడింది. సంఘంవాళ్లు పదిమంది దాకా గోడ నీడన చేరారు. అజయ్ ముందే వచ్చి మేడంకు నీళ్ల సీసా ఇచ్చాడు. తోట అవతలి మూల నుంచి టక్ టక్‌మని రాయి కొడుతున్న చప్పుడు వస్తూనే ఉంది. ఈస్టరు ముందు అది మామూలే, ఎవరూ పట్టించుకోలేదు.

మేడం ముందు రసీదులు చూసింది. రసీదులు ఎవరైనా కొట్టించుకోవచ్చు మేడం అన్నాడు అజయ్. సంఘం సమాధుల రిజిస్టరు తెమ్మంది. అది బైండింగుకు పోయిందని కమిటీ సెక్రటరీ హోదాలో వాడే చెప్పాడు. మరైతే సమాధులే చూద్దాం పదండి అంది.

గుమాస్తా పేరు చదవడం, ఇస్సాకు ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్లడం, మేడం తేదీ రాసుకోవడం. పది సమాధులు అయ్యాయి, పన్నెండు అయ్యాయి. అజయ్ ఒక రాయి మీద వేలు రాసి, నల్లబడిన వేలు ఎత్తి చూపించాడు.

“చూడండి మేడం, ఇంకా ఆరనే లేదు. నిన్న మొన్న రాసినవి. ఈయన పని ఇదే, ఏ తేదీ కావాలంటే ఆ తేదీ రాస్తాడు. ఇవి సాక్ష్యమెట్లయితాయి?”

మేడం చేతిలో పెన్ను ఆగింది. ఈస్టరుకు రాయించుకోవడం మా ఆనవాయితీ అని ఇస్సాకు చెప్పాడు గానీ ఆ మాట ఆయనకే బలహీనంగా వినపడింది. గోడ నీడనున్న వాళ్లలో ఒక్కరూ మా నాయన నిజంగానే పోయినాడు మేడం అని ముందుకు రాలేదు. నిన్నటిదాకా తన దగ్గర నిలబడి, అక్షరాలు పెద్దగా రాయి ఇస్సాకూ అన్నవాళ్లే.

పదిహేడో పేరు చదివాడు గుమాస్తా. హన్నమ్మ. ఆ సమాధి మీద బంగారు రంగు ఎండకు ధగధగలాడుతోంది.

ఈమె తాలూకు ఎవరైనా ఉన్నారా అని మేడం అడిగింది. ఒక ముసలామె అజయ్ వైపు చూసింది. తర్వాత ఇంకొకరు చూశారు. చివరికి మేడం కూడా చూసింది.

“మా నాయనమ్మ,” అన్నాడు అజయ్.

“బతికే ఉన్నారా?”

వాడు బూట్ల వైపు చూసుకున్నాడు. సమాధి ఎదురుగా నిలబడి నాయనమ్మ బతికుందని చెప్పడం మద్దిలేటికి తేలిక గానీ అజయ్‌కు కాదు. ఆమె చేత్తో అన్నం తిన్నవాడు. లేదని చాలా చిన్నగా చెప్పాడు. వెంటనే మొహం ఎర్రబడి, వేలు ఇస్సాకు వైపు తిప్పాడు.

“నన్నడుగుతాండారే, ఆయన్ని అడగండి. బొమ్మలో నలభై ఒక్కరిని గీసినాడు. ఉండేది నలభై రెండు. తన ఇంటిదాన్ని దాచుకున్నాడు. కూతురు ఫారం కూడా పంపల్యా. ఆ రాయి మీద తేదీ ఉందేమో పోయి చూడండి.”

గాయత్రి మేడం కొంగు సరిచేసుకుంది.

“ఫిర్యాదులో నలభై ఒకటే ఉంది. నలభై రెండని మీకెలా తెలుసు?”

ఆ మూల నుంచి టక్ టక్ వినపడుతూనే ఉంది. అందరూ అనుకుంటున్నారు మేడం అన్నాడు అజయ్. ఎవరు అనుకుంటున్నారని ఆమె అడిగింది. వాడు ఫోను తీసి చూసుకున్నాడు. అది మోగలేదు. ఆమె కాగితం మీద రెండు వరసలు రాసుకుంది.

“ఆయప్ప చెప్పింది నిజమే మేడం, నలభై రెండు,” అన్నాడు ఇస్సాకు. “రాండి, చూపిస్తా.”

వెళ్తుంటే ప్రసన్న ఆయన చొక్కా అంచు పట్టుకుంది, వెంటనే వదిలేసింది.

మూలన ఓబయ్య మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. రాతి మీద సారమ్మ పేరు కింద కొత్తగా తెల్లటి గీతలు లేచాయి. 18-5-20 వరకూ అయింది. మిగిలిన రెండంకెలకు సున్నపు గీత గీసి ఉంది. పక్కనే గులకరాయి బరువు పెట్టిన కాగితం.

ఇస్సాకు ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

“మా అమ్మాయి మూడుసార్లు ఫారం తెచ్చింది మేడం. నేనే పెట్టనియ్యల్యా. పోయిన ఎన్నికలప్పుడు నేను ఓటుకు పోతే, ఆడ కూర్చున్నాయప్ప జాబితా చూసి, ‘మీ సారమ్మ పొద్దున్నే వచ్చి వేసిపోయింది గదా పెద్దాయనా’ అన్యాడు. అప్పటికి ఆమె పోయి మూడేండ్లు. దొంగ ఓటని నేను గొడవ పెట్టుకోవాల. పెట్టుకోల్యా. సిగ్గిడిసి చెప్తాండా, ఆ మాటకు నాకు కడుపు నిండినట్లయింది. సారమ్మ పొద్దున్నే వచ్చిపోయింది. మూడేండ్లకు ఒకరు ఆమె పేరు పెట్టి పలికినారు. ఆ పేరు కొట్టేస్తే ఇంగ ఎవరు పలుకుతారు అనుకున్యా. తప్పు నాది. రాసుకోండి.”

ఫారం ఉందా అని మేడం అడిగింది. ప్రసన్న ఫైలు అడుగు నుంచి తీసింది. మూడుసార్లు తెచ్చిన కాగితమే, మడతల దగ్గర నలిగి ఉంది. ఇస్సాకు దాన్ని సమాధి గట్టు మీద పెట్టి సంతకం చేశాడు. చెయ్యి తడిగా లేదు, అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఓబయ్య అంతసేపూ సుత్తి ఆపి ఉంచాడు. సంతకం అయ్యాక మళ్లీ ఎత్తాడు.

అప్పుడు గోడ నీడ నుంచి ఆ ముసలామె కదిలి వచ్చింది. యోహాను మాస్టారి భార్య. మా ఆయన పోయింది నిజమే తల్లీ, నేను చెప్తా, రాసుకో అంది. ఆమె వెనకే ఇంకొకరు వచ్చారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎవరి సమాధి దగ్గర వాళ్లు నిలబడి ఉన్నారు. గుమాస్తా చదువుతుంటే, మావాళ్లే అని చెయ్యెత్తుతున్నారు. అజయ్ బైకు ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ చూడలేదు.

బుధవారానికి నలభై రెండు పేర్లూ కొట్టేశారు. అజయ్ ఎవరో తనకు తెలియదని మద్దిలేటి పత్రికలవాళ్లతో అన్నాడు. నలభై ఒక్క ఫారాలు పక్కన పడేసినవాళ్లకు ఏమీ కాలేదు. ప్రసన్నకు మాత్రం మెమో వచ్చింది, సొంత తల్లి పేరు తొలగించడంలో నిర్లక్ష్యం చూపినందుకు. విచారణ అయ్యేదాకా సస్పెన్షన్. ఆ కాగితం ఆమె ఒకసారి చదివి, రసీదుల ఫైలులోనే పెట్టింది. ఏడుస్తుందేమోనని ఇస్సాకు వంటింటి గుమ్మం దగ్గరే తచ్చాడాడు. ఆమె ఏడవలేదు, వంకాయలు తరిగింది. ఆయనకే కళ్లు నిండుకొచ్చాయి.

గురువారం బస్సులో ‘నల్లమల గొంతు’ కట్టలు దిగాయి. మొదటి పేజీలో మళ్లీ అదే గేటు, అదే వరస. ఈసారి మద్దిలేటి లేడు. కింద చిన్న బ్రష్షుకు బదులు ఇస్సాకు అని పూర్తి పేరుంది.

ప్రసన్న పత్రిక నేల మీద పరిచి, వేలితో ఒక్కో తలా తాకుతూ లెక్కపెట్టింది. హన్నమ్మ కర్ర దగ్గర ఒకసారి ఆగింది. చివరన సారమ్మ ఉంది, ఎప్పుడూ కట్టుకునే గళ్ల చీరలో, కొప్పు కొంచెం పక్కకు జారి. నలభై రెండు. వేలు అక్కడితో ఆగలేదు. సారమ్మ వెనక ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా పెయింటు మరకలు. సారమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆమె ఓటు చీటీ ఆయన పిడికిట్లో ఉంది.

“ఈడ నువ్వెందుకు నాయనా? నువ్వు బతికే ఉండావు గదా,” అంది.

ఇస్సాకు కిరోసిన్ డబ్బాలోంచి బ్రష్షు తీసి గుడ్డకు తుడిచాడు.

“ఆ చీటీ ఇన్నాళ్లూ పట్టుకున్యది నేనే గదమ్మా.”

ప్రసన్న ఇంకాసేపు బొమ్మనే చూసింది. తర్వాత పత్రిక మడిచి, మెమో ఉన్న ఫైలులో, దాని పైనే పెట్టింది.